సామాన్యురాలిని పెళ్లాడిన రాజకుమారుడికి నిజంగా ఏం పోయేది? ఆస్ట్రియా యోహాన్ జీవితం

ప్రశ్న: యూరప్‌లో రాజకుటుంబపు అబ్బాయి మామూలు ఇంటి అమ్మాయిని చేసుకుంటే హోదా, ఆస్తి అన్నీ పోయేవని చదివాను. సింహాసనం దాకా ఎప్పటికీ రాని చిన్న రాజకుమారులకు కూడా అదే గతా? ఎవరైనా ఒక మనిషి జీవితం తీసుకుని వివరంగా చెప్పగలరా?

జవాబు:

ముందు సూటిగా చెప్తాను. అన్నీ పోయేవన్నది అందరి విషయంలో నిజం కాదు. అది ఏ వంశం, ఏ కాలం అన్నదాన్ని బట్టి ఉండేది. అంతకన్నా ముఖ్యంగా, ఇంటిపెద్ద సరే అన్నాడా లేదా అన్నదాన్ని బట్టి ఉండేది. కొందరికి పేరుతో సహా ఊడిపోయింది. కొందరికి దాదాపు ఏమీ పోలేదు. పోని చోట కూడా ఆ పెళ్లికి ఎవరో ఒకరు ఖరీదు కట్టారు, తరచుగా ఆ అమ్మాయే కట్టింది.

నేను డిగ్రీ కాలేజీలో యూరప్ చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ని. ఈ టాపిక్ వచ్చినప్పుడల్లా క్లాసులో పిల్లలు ఇంగ్లండు ఎనిమిదో ఎడ్వర్డు పేరే ఎత్తేవారు. ఆయన రాజు, కాబట్టి ఆ లెక్క వేరు. మీరడిగింది వరసలో ఎక్కడో వెనక ఉన్నవాళ్ల గురించి. దానికి ఆస్ట్రియా ఆర్చ్‌డ్యూక్ (అక్కడి రాజవంశపు అబ్బాయిలకు ఉండే బిరుదు) యోహాన్‌ను మించిన ఉదాహరణ నాకు తెలిసి లేదు. మా అబ్బాయి గ్రాట్స్‌లో చదివిన రోజుల్లో అక్కడికి వెళ్లాను. చనిపోయి నూటయాభై ఏళ్లు దాటినా, ఆయన పేరు లేని వీధీ చౌకూ ఆ ఊళ్లో వెతుక్కోవాలి. మా వాడు చదివిన టెక్నికల్ యూనివర్సిటీకి కూడా ఆయన పేరే పెట్టారు.

యోహాన్ 1782 జనవరి 20న ఫ్లారెన్స్‌లో పుట్టాడు. తండ్రి లియోపోల్డ్ అప్పటికి ఇటలీలోని టస్కనీ పాలకుడు, ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశస్థుడు. పదహారు మంది సంతానంలో యోహాన్ పదమూడోవాడు. పదమూడోవాడంటే సింహాసనం గురించి కల కూడా కనక్కర్లేదు. 1790లో తండ్రి చక్రవర్తి అయ్యాడు, రెండేళ్లకే పోయాడు. పెద్దకొడుకు ఫ్రాంజ్ చక్రవర్తి అయ్యేనాటికి యోహాన్‌కి పదేళ్లు. అక్కణ్ణుంచి ఆ పిల్లవాడి చదువు, కొలువు, పెళ్లి అన్నిటికీ పెద్దన్న మాటే చట్టం. (మన కథానాయిక పేరు అన్నా. చదివేవాళ్లు తికమకపడకుండా ఇకమీదట అన్నగారిని చక్రవర్తి అనే రాస్తాను.)

ఇలాంటి తమ్ముళ్లకు హాబ్స్‌బర్గ్ ఇంట్లో రెండే దార్లు: సైన్యం, చర్చి. యోహాన్‌ను సైన్యంలో వేశారు. పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ణి నెపోలియన్ కాలపు ఫ్రెంచి సైన్యం మీదకు సేనాధిపతిగా పంపారు. పేరుకే సేనాధిపతి. పక్కన ఒక ముసలి జనరల్‌ను పెట్టి, ఆయన చెప్పినట్టే నడుచుకోమన్నారు. 1800 డిసెంబరు 3న మ్యూనిక్ తూర్పున హోహెన్‌లిండెన్ అడవిలో, మంచులో, ఫ్రెంచి జనరల్ మోరో చేతిలో ఆ సైన్యం చిత్తుగా ఓడింది. నిర్ణయాలు ఎవరివైనా చెడ్డపేరు మాత్రం కుర్రాడికొచ్చింది.

1809లో మళ్లీ అదే వరస. ఏప్రిల్‌లో ఇటలీలో సాచిలే దగ్గర గెలిచాడు, జూన్‌లో హంగరీలో రాబ్ దగ్గర ఓడాడు. జులైలో వాగ్రామ్ యుద్ధానికి తన దళంతో చేరేసరికి అక్కడ పని అయిపోయింది. ఆలస్యంగా వచ్చావని ఇంకో సోదరుడు, ఆ యుద్ధానికి సేనాధిపతి అయిన కార్ల్, తప్పంతా ఈయన మీద పెట్టాడు. అదే ఏడు టిరోల్ కొండప్రాంతంలో ఆండ్రియాస్ హోఫర్ అనే పూటకూళ్ల ఇంటి యజమాని నాయకత్వంలో రైతులు బవేరియా పాలన మీద తిరగబడ్డారు. వాళ్లను ఎగదోసిన వాళ్లలో యోహాన్ ఒకడు. ఆస్ట్రియా సంధి చేసుకుని వాళ్లను వదిలేసింది. హోఫర్‌ను 1810 ఫిబ్రవరిలో మాంటువాలో కాల్చి చంపారు. యోహాన్ మనసులో అది చాలాకాలం మానలేదు.

1813లో ఆల్ప్స్ ప్రాంతమంతా మళ్లీ తిరగబడేలా చేయాలని కొందరు రహస్యంగా పథకం వేశారు. అందులో యోహాన్ కూడా ఉన్నాడు. లోపలివాడే ఒకడు ఆస్ట్రియా విదేశాంగ మంత్రి మెటర్నిక్‌కు ఉప్పందించాడు. సహచరులు జైలుకెళ్లారు. చక్రవర్తి తమ్ముడు కాబట్టి యోహాన్‌కు జైలు తప్పింది కానీ, టిరోల్‌లో అడుగు పెట్టకూడదని నిషేధం వచ్చింది. ఆ నిషేధం ఇరవై ఏళ్లు, 1833 దాకా నడిచింది.

పెళ్లి కథకు యుద్ధాల సోదెందుకు అనిపించొచ్చు. కారణముంది. ఈయన ఆస్థానంలో అప్పటికే సగం బయటివాడు. వియన్నాలో పెద్ద పదవి వచ్చే ఆశ లేదు, తనకు ఇష్టమైన కొండలకు వెళ్లే వీల్లేదు. ముప్పై ఒక్క ఏళ్లకే అధికార జీవితం ముగిసిపోయిన రాజకుమారుడు. వియన్నాలోనే ఉండి వేటలూ విందులతో కాలక్షేపం చెయ్యొచ్చు, చాలామంది అదే చేశారు. ఈయన పక్కనున్న స్టిరియాకు మకాం మార్చాడు. గ్రాట్స్ ఆ రాష్ట్రానికి రాజధాని.

స్టిరియాలో ఆయన చేసిన పనుల చిట్టా ఇక్కడ పట్టదు, మూడు నాలుగు చెప్తాను. నిషేధానికి ముందే, 1811లో, తన రాళ్లు, మొక్కలు, పుస్తకాల సేకరణలన్నీ ఇచ్చేసి గ్రాట్స్‌లో ఒక మ్యూజియం, దానితోపాటు ఒక విద్యాసంస్థ పెట్టించాడు. దాని పేరు యోహానెయుమ్. అక్కడి ఖనిజాలను వర్గీకరించడానికి 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే ఆయన్ను తీసుకొచ్చారు. టాల్కుకు 1, వజ్రానికి 10 అని మన పిల్లలు పోటీ పరీక్షలకు బట్టీ పట్టే మోస్ కాఠిన్య స్కేలు అక్కడి పనిలోంచే వచ్చింది. 1819లో వ్యవసాయ సంఘం పెట్టించాడు. బంగాళాదుంప సాగు, మేలు రకం పళ్లతోటలు, ద్రాక్ష, పశువుల జాతి మెరుగు ఇవన్నీ ఆ సంఘం ద్వారానే రైతుల దాకా వెళ్లాయి. ఇళ్లు తగలబడితే రైతు బజారున పడకుండా పరస్పర అగ్నిబీమా సంఘం 1828లో మొదలైంది. పేరు మారినా ఆ సంస్థ ఇప్పటికీ వ్యాపారం చేస్తోంది.

వేషం కూడా మార్చాడు. ఆకుపచ్చ అంచులున్న ముతక బూడిదరంగు ఉన్ని కోటు, అక్కడి వేటగాళ్లు వేసుకునేది, అదే తొడుక్కుని తిరిగేవాడు. వియన్నా దొరలకు అది వెటకారం, పోలీసులకు అనుమానం, స్టిరియా జనానికి మాత్రం గర్వం. ఇవాళ ఆ కోటునే స్టిరియా సంప్రదాయ దుస్తులని పెళ్లిళ్లకు వేలకు వేలు పోసి కొంటున్నారు.

అలాంటి మనిషి 1819 ఆగస్టు 22న సాల్జ్‌కామర్‌గూట్ కొండల్లో టోప్లిట్స్ సరస్సు దగ్గర అన్నా ప్లోఖ్ల్‌ను కలిశాడు. ఆ అమ్మాయిది ఆస్సే అనే ఊరు. ఉప్పు గనుల ఊరు. తండ్రి యాకోబ్ ప్లోఖ్ల్ పోస్టుమాస్టరు. పోస్టుమాస్టరు అనగానే మనకు స్టాంపులు అమ్మే గుమాస్తా గుర్తొస్తాడు, అది కాదు. రైళ్లు రాకముందు టపా బళ్లకు, ప్రయాణికులకు మజిలీకో చోట గుర్రాలు మార్చాలి. ఆ గుర్రాలశాల, బళ్లు, బండి తోలేవాళ్లు, దిగినవాళ్లకు తిండీ పడకా అన్నీ పోస్టుమాస్టరు చేతిలో ఉంటాయి. ఊళ్లో నలుగురూ లేచి నిలబడే స్థాయి మనిషి. అయినా కులీనుడు కాదు. హాబ్స్‌బర్గ్ లెక్కలో ఆ ఇల్లూ చాకిరీ చేసేవాడి ఇల్లూ ఒకటే.

అప్పటికి యోహాన్‌కి 37, అన్నాకి 15. ఆస్ట్రియా పర్యాటక కరపత్రాలు ఈ సంగతిని సరస్సు, పడవ, చూపులు కలిసిన క్షణం అంటూ ఒక పొర కప్పి చెప్తాయి. నేను ఆ పొర తీసే చెప్తాను. వయసు తేడా, హోదా తేడా రెండూ ఒకే వైపు ఉన్నాయి. అమ్మాయి కాదనగలిగే పరిస్థితి ఎంత ఉందో మనం ఊహించుకోవాల్సిందే. అయితే యోహాన్ తొందరపడలేదన్నదీ నిజమే. ఉత్తరాలు రాశాడు, తండ్రితో మాట్లాడాడు. ఆ కాలంలో ఆర్చ్‌డ్యూకులు ఇలాంటి అమ్మాయిల విషయంలో చేసే మామూలు ఏర్పాటు, అంటే నగరంలో ఇల్లొకటి తీసిపెట్టి నెలనెలా డబ్బు పంపడం, ఈయన చేయలేదు. పెళ్లే చేసుకుంటానన్నాడు. ఆమె మగవేషం వేసుకుని టపా బండి తోలి ఆయన్ను తీసుకెళ్లిందని ఆ ప్రాంతంలో ముచ్చటగా చెప్పుకుంటారు. అది కథ అనుకుని విందాం.

పెళ్లికి చక్రవర్తి అనుమతి కావాలి. 1823లో చక్రవర్తి ఒప్పుకున్నట్టే ఒప్పుకుని, ఆ తర్వాత పెళ్లి ఇప్పుడే వద్దు, ఆగమన్నాడు. ఇదే చక్రవర్తి 1810లో తన సొంత కూతురు మరీ లూయిజ్‌ను నెపోలియన్‌కిచ్చి చేశాడు. అంటే కోర్సికా లాయరు కొడుక్కి. అక్కడ రాజ్యం అవసరం కాబట్టి వంశం లెక్క పక్కకు పోయింది. ఇక్కడ అవసరమేమీ లేదు కాబట్టి అదే లెక్క అడ్డొచ్చింది. ఇలాంటి నియమాలు ఎవరి మీద ఎప్పుడు పనిచేస్తాయో చూస్తే వాటి అసలు రంగు తెలుస్తుంది.

తర్వాత ఆరేళ్ల సంగతి కథలు చెప్పేవాళ్లు ఒక వాక్యంలో దాటేస్తారు. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అసలు భాగం అదే.

యోహాన్ 1818లోనే మరియాట్సెల్ యాత్రాస్థలానికి దగ్గర్లో, సీబెర్గ్ కనుమ పక్కన, బ్రాండ్‌హోఫ్ అనే కొండపొలం కొన్నాడు. 1822లో ఎర్ట్స్‌బెర్గ్ అనే ఇనుపకొండ పాదాన ఫోర్డెర్న్‌బెర్గ్‌లో ఒక ఇనుము కరిగించే కొలిమి కూడా కొని, కొలిమి యజమానుల్లో తానూ ఒకడయ్యాడు. ఆ ఊళ్లో ఇలాంటి కొలిములు పద్నాలుగు. ఎవరికి వాళ్లే ఖనిజం తవ్వుకోవడం, ఎవరి బండి వాళ్లే తోలుకోవడం, ఒకడి దారికి ఇంకొకడు అడ్డు పడటం. వాళ్లను కూర్చోబెట్టి, తవ్వకం, రవాణా కలిసి చేసుకునేలా 1829లో ఒక ఉమ్మడి సంఘం కిందికి తెచ్చాడు. 1840లో అక్కడే గనుల బడి మొదలైంది. అది 1849లో లెయోబెన్‌కు మారి, ఇప్పుడు గనుల విశ్వవిద్యాలయంగా నడుస్తోంది.

పెళ్లికి ఎదురుచూస్తూ ఈ ఇళ్ల బాధ్యత అన్నాకి అప్పజెప్పారు. హోదా ఇల్లాలిది కాదు, ఇల్లు చూసుకునే మనిషిది. తాళాలు ఆమె చేతిలో ఉంటాయి, వంటా సామానూ లెక్కలూ ఆమె చూస్తుంది, పనివాళ్లను ఆమె నడిపిస్తుంది. కానీ వచ్చిన పెద్దమనుషులకు ఆమెను ఏమని పరిచయం చేయాలో ఎవరికీ తెలియదు. పెళ్లికూతురు కాదు, పనిమనిషి కాదు, ఉంపుడుగత్తె కాదు. కానీ ఊరు మాత్రం ఆ మూడో మాటే అనుకుంటుంది. పంతొమ్మిదేళ్ల అమ్మాయి, పుట్టిన ఊళ్లో నలుగురి నోళ్లలో నానుతూ, పెళ్లవుతుందో లేదో తెలియకుండా ఆరేళ్లు అలా బతికింది. చక్రవర్తి ఇంకో పదేళ్లు నానబెట్టినా, లేదా మధ్యలో యోహాన్ పోయినా, ఆయనకు పోయేదేమీ లేదు. ఆమెకు మాత్రం తిరిగి వెళ్లడానికి దారి లేదు. యోహాన్ ఆ తర్వాత రాసుకున్న జ్ఞాపకాల్లో ఈ కాలం గురించి వివరంగా రాశాడు. తనను బ్రాండ్‌హోఫ్ ఆసామి అని, ఆమెను ఇల్లాలు అని చెప్పుకున్నాడు. ఆమె మర్యాదకు భంగం కలగలేదని పదే పదే నొక్కి చెప్పాడు. అంతగా చెప్పాల్సి వచ్చిందంటేనే జనం ఏమనుకునేవారో తెలుస్తోంది.

యోహాన్ వెంట జీతానికి చిత్రకారులుండేవారు. వాళ్లలో మత్తేయస్ లోడర్ ఈ ఇద్దరి బొమ్మలు చాలా వేశాడు. చేతిలో పట్టేంత నీటిరంగుల చిత్రాలు. వెనక కొండలు, ముందు బూడిదరంగు కోటు ఆయన, పక్కన ఊరి దుస్తుల్లో ఆమె. ఫొటో లేని రోజుల్లో ఈ జంట రూపం మనకు తెలిసిందంటే లోడర్ పుణ్యమే. పాపం, ఆయన 1828లో పోయాడు. పెళ్లి చూడనే లేదు.

1829 మొదట్లో చక్రవర్తి అనుమతి ఇచ్చాడు. ఫిబ్రవరి 18 తెల్లవారకముందు, నడిరాత్రి వేళ, బ్రాండ్‌హోఫ్ ఇంటిలోని చిన్న ప్రార్థన మందిరంలో పెళ్లి జరిగింది. చుట్టాలు లేరు, ఊరేగింపు లేదు, వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది సాక్షులు. సంగతి బయటకు పొక్కనివ్వకూడదన్నది షరతు. వరుడికి 47, వధువుకు 25. కలిసిన పదేళ్లకు.

ఈ పెళ్లిని మోర్గనాటిక్ వివాహం అంటారు. దీని గురించి అపోహలెక్కువ కాబట్టి కాస్త వివరిస్తాను. చర్చి దృష్టిలో ఇది నూటికి నూరుపాళ్లు పెళ్లే. పిల్లలు ధర్మసంతానమే. తేడా హోదా దగ్గర. భార్యకు భర్త బిరుదు రాదు. పిల్లలకు తండ్రి వంశం పేరు, వారసత్వ క్రమంలో స్థానం, కుటుంబ నిధుల్లో వాటా రావు. యోహాన్ చివరిదాకా ఆర్చ్‌డ్యూకే. అన్నా ఏనాడూ ఆర్చ్‌డచెస్ కాదు. ఆస్థాన విందులో ఆయన కూర్చునే వరసలో ఆమెకు కుర్చీ ఉండదు. భర్త పక్కన భార్య కూర్చోకూడని భోజనం ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. అందుకే వీళ్లు ఆ భోజనాలకు వీలైనంత దూరంగా, కొండ మీద, కొలిమి దగ్గర బతికారు. యోహాన్‌కు ఆ సౌకర్యం ఉండటానికి కారణం పైన చెప్పిందే. ఆస్థానంతో ఆయనకు పని ఎప్పుడో తీరిపోయింది. ఆ కాలమంతా ఆయన వియన్నాలో పదవులు పట్టుకుని వేలాడుతూ ఉంటే ఈ పెళ్లి జరిగేదే కాదని నా గట్టి నమ్మకం.

హోదా మాత్రం చుక్కచుక్కగా దిగింది. 1834లో అన్నాను బ్రాండ్‌హోఫెన్ బారనెస్‌ను చేశారు. పెళ్లయిన పదేళ్లకు, 1839 మార్చి 11న, ఒక్కగానొక్క కొడుకు ఫ్రాంజ్ పుట్టాడు. తండ్రికి అప్పటికి 57. ఆ పిల్లవాడికి 1844లో మెరాన్ కౌంటు బిరుదు ఇచ్చారు. తల్లికి మెరాన్ కౌంటెస్ బిరుదు వచ్చేసరికి 1850. వరస గమనించారా? అయిదేళ్ల కొడుకు కౌంటు, తల్లి ఇంకా బారనెస్. ఆరేళ్లపాటు ఇంట్లో బిడ్డ హోదా అమ్మ హోదా కన్నా ఎక్కువ. మెరాన్ అంటారా, అది టిరోల్‌లోని పట్టణం. ఇరవై ఏళ్లు అడుగు పెట్టనివ్వని ఆ నేల పేరే కొడుక్కి ఇంటిపేరయింది. నిషేధం తీశాక యోహాన్ అక్కడ షెన్నా అనే ఊళ్లో ఒక పాత కోట కూడా కొన్నాడు.

ఇక 1848. యూరప్ అంతా విప్లవాలు. జర్మన్ రాజ్యాలన్నిటి ప్రతినిధులు ఫ్రాంక్‌ఫర్ట్‌లో చేరి ఒకే జర్మనీ కోసం పార్లమెంటు పెట్టుకున్నారు. తాత్కాలికంగా దేశాధిపతి కావాలి. జూన్ 29న ఓటింగ్ జరిగితే 548 మందిలో 436 మంది యోహాన్‌కు వేశారు. రాజులంటే మండిపడుతున్న సభ ఒక రాజకుమారుణ్ణి ఎన్నుకుంది! సభాధ్యక్షుడు గాగెర్న్ వాదన ఏమిటంటే, ఆయన రాజవంశీకుడు కాబట్టి కాదు, రాజవంశీకుడైనా సరే ఎన్నుకుందామని. ఈ పేరు ఎలా వచ్చింది? కొలిమి నడిపాడు, రైతులతో తిరిగాడు, పోస్టుమాస్టరు కూతుర్ని బహిరంగంగా భార్య అన్నాడు. వియన్నాలో మచ్చగా చూసిన పెళ్లి ఫ్రాంక్‌ఫర్ట్‌లో యోగ్యతాపత్రంలా పనిచేసింది.

పదవిలో మాత్రం ఆయన చేసింది తక్కువ. సైన్యం లేదు, ఖజానా లేదు, ప్రష్యా మాట వినదు, ఆస్ట్రియా అసలు వినదు. పైగా ఆయన మనసు పూర్తిగా విప్లవం వైపు లేదు. ఎంతైనా హాబ్స్‌బర్గ్ రక్తం. 1849 డిసెంబరు 20న పదవి అప్పజెప్పేసి ఇంటికొచ్చాడు. కొందరు జర్మన్ చరిత్రకారులు ఆయన్ను పిరికివాడని రాస్తారు, స్టిరియావాళ్లు దేవుడిలా రాస్తారు. నా లెక్కలో రాజకీయాల్లో ఆయన మామూలు మనిషి, ఊరు బాగుచేయడంలో అసామాన్యుడు.

దానికి రుజువు తర్వాతి ఏడాదే ఉంది. 1840లో స్టైన్స్ అనే ఊళ్లో పాత మఠం భవనాన్ని, దాని భూముల్ని కొన్నాడు. 1850లో ఆ ఊరి జనం ఆయన్ను మేయరుగా ఎన్నుకున్నారు. నిన్నటిదాకా జర్మన్ జాతి మొత్తానికి అధిపతి, ఇవాళ మన భాషలో గ్రామ సర్పంచి. ఆ పని ఆయన చిన్నతనంగా అనుకోలేదు. వియన్నా నుంచి ట్రియెస్ట్ రేవుకు వెళ్లే రైలుమార్గాన్ని హంగరీ మైదానం గుండా కాకుండా, సెమ్మెరింగ్ కొండ ఎక్కించి గ్రాట్స్ మీదుగా వేయాలని పట్టుబట్టిన వాళ్లలో ఈయన ముఖ్యుడు. మైదానంలో అయితే ఖర్చు తక్కువ, కానీ స్టిరియా ఇనుము అమ్ముకునే దారి మూసుకుపోయేది. 1854లో సెమ్మెరింగ్ మార్గం తెరిచారు. ఇప్పుడది యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది.

1859 మే 11న గ్రాట్స్‌లో యోహాన్ పోయాడు, డెబ్బై ఏడేళ్లకు. సమాధి షెన్నాలో. వియన్నాలో హాబ్స్‌బర్గులందరినీ పెట్టే నేలమాళిగలోకి అన్నాను రానివ్వరు కదా, అందుకే ఇద్దరికీ కలిపి అక్కడ ఏర్పాటు చేశారు. అన్నా ఆయన తర్వాత ఇరవై ఆరేళ్లు బతికింది. గ్రాట్స్‌లో పిల్లల ఆసుపత్రి ఆమె పేరు మీదే నడిచింది. 1885 ఆగస్టు 4న పుట్టిన ఊరు ఆస్సేలోనే కన్నుమూసింది.

ఆస్తి గురించి అడిగారు కాబట్టి ఒక్కమాట. వంశం ఉమ్మడి ఆస్తిలో కొడుక్కి ఏమీ రాదు. అది ముందే తెలిసిన సంగతి. కానీ బ్రాండ్‌హోఫ్, స్టైన్స్, షెన్నా ఇవన్నీ యోహాన్ సొంతంగా కొన్నవి. వాటిని కొడుక్కి ఇవ్వకుండా ఎవరూ ఆపలేరు. పైకి వేటకోసమో, సేద్యంకోసమో కొన్నట్టు కనిపించినా, వంశపు వాటాకు నోచుకోని బిడ్డకు గట్టి నేల ఏర్పాటు చేసినట్టయింది. మెరాన్ కౌంటుల శాఖ అలా స్థిరపడింది. 2016 దాకా మన మధ్యే ఉన్న ప్రసిద్ధ సంగీత నిర్వాహకుడు నికొలాస్ హార్నోన్‌కూర్ తల్లి వైపు ఈ కుటుంబంవాడే, యోహాన్‌కు మునిమనవరాలి కొడుకు.

మరి మిగతా చిన్న రాజకుమారులకు ఇంత సులువుగా జరిగిందా? లేదు. యోహాన్ పెళ్లి నాటికి హాబ్స్‌బర్గ్ ఇంటి నియమాలు చాలావరకు ఆనవాయితీగానే ఉండేవి. 1839లో వాటిని కుటుంబ శాసనంగా రాసి పెట్టారు. అనుమతి లేని పెళ్లికి శిక్ష స్పష్టమైంది. ఆ తర్వాత వచ్చినవాళ్లకు ఆ కాగితమే ఉరితాడయింది. యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ 1900 జూన్ 28న తన పిల్లలకు సింహాసనం మీద హక్కు ఉండదని ప్రమాణం చేసి సోఫీ షొటెక్‌ను చేసుకున్నాడు. ఆవిడ కౌంటెస్, సామాన్యురాలేమీ కాదు, అయినా సరిపోలేదు. పద్నాలుగేళ్ల తర్వాత సరిగ్గా అదే తేదీన సరాయెవోలో ఇద్దర్నీ కాల్చి చంపారు. ఇన్ని అవమానాలు పడినవాడు తమ్ముడి విషయంలో మెత్తబడతాడనుకుంటాం. తమ్ముడు ఫెర్డినాండ్ కార్ల్ గణితం ప్రొఫెసరు కూతురు బెర్టా చూబర్‌ను 1909లో రహస్యంగా పెళ్లాడాడు. ఆ పెళ్లికి గట్టిగా అడ్డుపడినవాళ్లలో అన్నగారే ముందున్నాడు. 1911లో సంగతి బయటపడి ఆర్చ్‌డ్యూక్ బిరుదు, సైన్యంలో పదవి, ఆఖరికి వంశం పేరు కూడా తీసేశారు. ఫెర్డినాండ్ బుర్గ్ అనే మామూలు పేరుతో బతికి 1915లో పోయాడు. మీరు చదివిన "అన్నీ పోయాయి" అన్న మాట ఇలాంటివాళ్లకు అక్షరాలా వర్తిస్తుంది.

స్వీడన్‌లో నియమం వేరేగా ఉండేది. అక్కడ రాజకుమారుడు మామూలు పౌరుడి కూతుర్ని చేసుకుంటే వారసత్వ హక్కు దానంతటదే రద్దు. 1932లో లెనార్ట్ అనే రాజకుమారుడు లండన్‌లో కారిన్ నిస్‌వాంట్‌ను చేసుకుని బిరుదులన్నీ పోగొట్టుకున్నాడు. తర్వాత జర్మనీ అంచున కాన్‌స్టాన్స్ సరస్సులోని మైనావు దీవిలో తోటలు పెంచుతూ స్థిరపడ్డాడు. నోబెల్ శాస్త్రవేత్తలు ఏటా లిండావులో కలుసుకునే సమావేశాలకు 1951 నుంచి అండగా నిలిచినవాడు ఆయనే. ఆ దీవి చేతికెలా వచ్చింది, దాన్ని ఎలా నిలబెట్టాడు అన్నది పెద్ద కథ. కావాలంటే వేరే ప్రశ్నగా అడగండి, తీరిక చూసుకుని రాస్తాను.